టమాటా డిప్‌... ఒకే గిన్నె, ఇంటిల్లిపాదికీ!

ఆదివారం సాయంత్రం నాలుగింటికి ఫోన్‌ వస్తుంది. ‘ఇటువైపే వచ్చాం, ఓ గంటలో మీ ఇంట్లో ఉంటాం’ అని. పిల్లలతో కలిపి ఎనిమిది మంది. ఇంట్లో ఏముందా అని చూస్తే రెండు చిప్స్‌ ప్యాకెట్లు, సగం అయిపోయిన సాస్‌ సీసా, పిల్లలు గొడవ చేస్తే ఆమధ్య కొన్న మయోనైజ్‌ కనిపిస్తాయి. వాటినే ప్లేట్లలో సర్దేస్తాం. వచ్చినవాళ్లు నవ్వుతూ తింటారు, మనమూ తింటాం. ఇంతలో పెద్దాయన వచ్చి కూర్చుంటారు. ఆయనకు బీపీ, షుగర్‌. ‘నాన్నగారికి ఇవేవీ పడవు, మజ్జిగ ఇవ్వండి’ అంటాం. అందరి చేతిలో ప్లేట్లు ఉంటాయి, ఆయన చేతిలో గ్లాసు ఉంటుంది.

ఇది మా ఇంటి కథే. మా నాన్నకు గుండె పంపింగ్‌ తక్కువ. ఉప్పు తగ్గించాలని ఆయనకు నేనే చెప్పాను, డాక్టర్‌గానూ చెప్పాను, బిడ్డగానూ చెప్పాను. మూడేళ్ల కిందట బంధువులంతా కలిసిన ఓ సాయంత్రం ఆయనకు విడిగా పెరుగన్నం కలిపి పెట్టాం. తిన్నారు. అందరూ మేడ మీద కబుర్లలో ఉండగా వంటింట్లోకి వెళ్లి మిగిలిన చిప్స్‌, నాలుగు బజ్జీలు, వాటితోపాటు ఊరగాయ కానిచ్చేశారు. మర్నాటికి కాళ్లు వాచాయి. ఆ రాత్రి పడుకుంటే ఆయాసం. ఆసుపత్రిలో చేర్చి, నీరు పోయే ఇంజెక్షన్లు ఇస్తే మూడు రోజులకు తేరుకున్నారు. నేను కోప్పడితే ఆయన అన్న మాట ఒక్కటే: ‘అందరూ తింటుంటే నేనొక్కడినే రోగిలా కూర్చోలేనమ్మా.’

రోజూ వార్డులో ‘ఉప్పు తగ్గించండి, నూనె తగ్గించండి’ అని చెప్పే నాకు ఆ మాట పాఠమే. వద్దని చెప్పడం తేలిక. పదిమందితో కలిసి తినగలిగేది ఏమిటో చెప్పాలి కదా! అప్పటినుంచి మా ఇంట్లో నలుగురు కలిస్తే మధ్యలో ఉండేది టమాటా, పెరుగు కలిపిన చిక్కటి డిప్‌. డిప్‌ అంటే కంగారుపడకండి. ముంచుకుని తినే పచ్చడి అనుకోండి. మన టమాటా పెరుగుపచ్చడికి దగ్గరి చుట్టమే.

సాస్‌, మయోనైజ్‌తో ఇబ్బంది ఏమిటి?

రోజుకు ఒక మనిషికి ఉప్పు 5 గ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే తల కొట్టిన ఒక టీ స్పూను. కూర, పప్పు, చారు, పెరుగన్నంలో వేసుకునే ఉప్పు అన్నీ కలిపి ఇంతే. దీనికి తోడు ఒక టేబుల్‌ స్పూను నిల్వ పచ్చడి వేసుకుంటే అందులోనే ఒకటి, రెండు గ్రాములు వెళ్లిపోతాయి. ఇక చిప్స్‌, అప్పడం, సాస్‌ వచ్చి చేరితే లెక్క ఎక్కడికో పోతుంది.

ఈసారి సాస్‌ సీసా వెనక చీటీ చదవండి. చాలావాటి మీద ఉప్పు అని ఉండదు, సోడియం అని ఉంటుంది. ఆ అంకెను 2.5తో గుణించండి, ఉప్పు ఎంతో తెలుస్తుంది. 100 గ్రాములకు 1,000 మిల్లీగ్రాముల సోడియం అని ఉంటే 2.5 గ్రాముల ఉప్పు అన్నమాట. టమాటా సాస్‌లో చక్కెర కూడా తక్కువేం కాదు. మామూలు సాస్‌ ఒక టేబుల్‌ స్పూనులో దాదాపు 4 గ్రాములు ఉంటుంది. పిల్లలు ఒక్క టేబుల్‌ స్పూనుతో ఆగరని మీకూ తెలుసు.

మయోనైజ్‌ సంగతి వేరు. గుడ్డుతో చేసే అసలు మయోనైజ్‌లో మూడింట రెండొంతులకు పైగా నూనే. పచ్చి గుడ్డుతో చేస్తే సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ముప్పు ఉంటుంది. అందుకే తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30 నుంచి ఏడాది పాటు పచ్చి గుడ్డు మయోనైజ్‌ తయారీ, నిల్వ, అమ్మకాలను నిషేధించింది. ఇంట్లో వీడియో చూసి పచ్చి గుడ్డుతో చేసుకునేవాళ్లు ఈ విషయం గుర్తుంచుకోవాలి. గిన్నె మనదైనంత మాత్రాన గుడ్డు మీది క్రిములు మారిపోవు.

మయోనైజ్‌ ఇచ్చే నునుపుదనం మనకు వడకట్టిన పెరుగులోనే దొరుకుతుంది. పెరుగులో నీరు దిగిపోతే మాంసకృత్తులు చిక్కబడతాయి, తింటే కడుపు నిండినట్టు ఉంటుంది. పాలలోని చక్కెర అయిన లాక్టోజ్‌ కొంత ఆ నీళ్లతో వెళ్లిపోతుంది. పాలు పడనివాళ్లలో చాలామందికి ఈ పెరుగు ఇబ్బంది పెట్టదు.

ఎనిమిది మందికి ఏమేం కావాలి?

బాగా పండిన టమాటాలు: 4 (సుమారు 400 గ్రాములు)
తోడుపెట్టిన గట్టి పెరుగు: అర లీటరు
నూనె: 2 టీ స్పూన్లు
వెల్లుల్లి రెబ్బలు: 4
పచ్చిమిర్చి: 1 లేదా 2
జీలకర్ర: అర టీ స్పూను
వేయించిన నువ్వుల పొడి: 1 టేబుల్‌ స్పూను
ఉప్పు: అర టీ స్పూను, అంతకు మించొద్దు
కొత్తిమీర: గుప్పెడు
మిరియాల పొడి: చిటికెడు

నాటు టమాటాలకు పులుపు, రసం ఎక్కువ. హైబ్రిడ్‌ టమాటాలకు కండ ఎక్కువ, పులుపు తక్కువ. రెండూ చెరి సగం వేస్తే రుచి బాగుంటుంది, తొందరగా దగ్గరపడుతుంది. మెత్తబడి బూజు పట్టిన కాయను ఆ ముక్క మటుకు కోసి వాడుకోవద్దు. మొత్తం పారేయండి.

పెరుగు ఏ పాలతో అన్నది ఇంట్లోవాళ్లను బట్టి. టోన్డ్‌ పాలలో వెన్న 3 శాతం, ఫుల్‌ క్రీమ్‌లో 6 శాతం. కొలెస్ట్రాల్‌, గుండె జబ్బు ఉన్నవాళ్లు తినేదైతే టోన్డ్‌ పాల పెరుగు చాలు. వడకట్టాక అదీ చిక్కగానే వస్తుంది.

చేసే పద్ధతి

ఉదయం: మరిగించి ఆరబెట్టిన పల్చని బట్టను జల్లిగిన్నె మీద పరచండి. పెరుగు అందులో పోసి, మూట కట్టి, కింద ఓ గిన్నె పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. కొళాయికి వేలాడదీస్తే మన ఎండలకు గంటలోనే పులుస్తుంది. మూడు, నాలుగు గంటలకు పెరుగు సగానికి సగం తగ్గి జున్నులా అవుతుంది. కింద దిగిన నీళ్లు పారబోయకండి. చపాతీ పిండి కలపడానికి, మజ్జిగ పులుసుకు వాడుకోవచ్చు.

సాయంత్రం: బాణలిలో నూనె వేడిచేసి జీలకర్ర, వెల్లుల్లి, పచ్చిమిర్చి వేయించండి. తరిగిన టమాటా ముక్కలు వేసి మూతపెట్టి ఐదు నిమిషాలు మగ్గనివ్వండి. తర్వాత మూత తీసి, మంట పెంచి, నీరంతా ఇగిరేదాకా కలుపుతూ ఉండండి. ఈ పని సగంలో ఆపితే డిప్‌ పల్చబడుతుంది. టమాటాలో దాదాపు 94 శాతం నీరే. గరిటెతో గీత గీస్తే బాణలి అడుగు కనిపించి, ఆ గీత వెంటనే మూసుకుపోకూడదు. అదే గుర్తు.

ఇప్పుడు పూర్తిగా చల్లారనివ్వండి. వెడల్పాటి పళ్లెంలో పరిస్తే ఫ్యాను కింద పది, పదిహేను నిమిషాల్లో చల్లారుతుంది. వేడి మీద పెరుగు కలిపితే విరిగి, నీరు ఒక పక్క, తరకలు ఒక పక్క తేలతాయి. చల్లారాక మిక్సీలో మెత్తగా తిప్పండి. గిన్నెలోకి తీసి వడకట్టిన పెరుగు, నువ్వుల పొడి, ఉప్పు, మిరియాల పొడి వేసి చెంచాతో కలపండి. పెరుగు వేశాక మిక్సీ తిప్పొద్దు, పల్చబడుతుంది. చివర్లో కొత్తిమీర.

ఉప్పు లెక్క చూడండి. అర టీ స్పూను అంటే సుమారు 3 గ్రాములు. ఎనిమిది మంది తింటే ఒక్కొక్కరికి అర గ్రాము కూడా రాదు. ఉప్పు తగ్గినట్టు తెలియకుండా చేసేవి టమాటా పులుపు, వెల్లుల్లి, జీలకర్ర వాసన. ఉప్పు ముందే వేసి టమాటాతో ఉడికించకుండా చివర్లో కలపడానికీ కారణం ఉంది. నీరు ఇగిరాక ఎంత ఉప్పు చాలునో అప్పుడే నాలుకకు సరిగ్గా తెలుస్తుంది.

స్టీలు, గాజు లేదా పింగాణీ గిన్నెలే వాడండి. కళాయి లేని ఇత్తడి, రాగి గిన్నెల్లో పెరుగు, టమాటా వంటి పులుపు వస్తువులు పెడితే చిలుము దిగుతుంది. దాంతో వాంతులవుతాయి. అల్యూమినియం గిన్నెలోనూ నిల్వ ఉంచొద్దు.

గంటలో చుట్టాలొస్తున్నారా?

పెరుగు వడకట్టే వ్యవధి లేదా? టీ వడగట్టే జల్లెడలో పల్చని బట్ట వేసి అరగంట ఉంచండి. పైన తేలిన నీళ్లు వంపేయండి. డిప్‌ ఇంకా పల్చగా ఉంటే ఒకటి, రెండు చెంచాల పుట్నాల పొడి కలపండి. ఐదు నిమిషాల్లో నీరు పీల్చుకుని చిక్కబడుతుంది. మన ఇడ్లీ చట్నీ చిట్కానే ఇది. జీడిపప్పు నానబెట్టి రుబ్బి వేయవచ్చుగానీ పది పలుకులు దాటకండి.

టమాటా చౌకగా ఉన్నప్పుడు ఓ పూట కూర్చుని రెండు కిలోలు ఇలాగే మగ్గబెట్టి, చల్లార్చి, చిన్న డబ్బాల్లో డీప్‌ ఫ్రీజర్‌లో పెట్టుకోండి. రెండు నెలల వరకు వాడుకోవచ్చు. మదనపల్లె మార్కెట్లో ధర పడిపోయి రైతు పంట పారబోసే రోజులూ చూశాం, కిలో వంద రూపాయలు దాటిన 2023 జులైనీ చూశాం. పెరుగు కలిపిన డిప్‌ను మాత్రం డీప్‌ ఫ్రీజర్‌లో పెట్టకండి. కరిగాక విరిగిపోతుంది.

పచ్చి టమాటా మంచిదా, ఉడికించినదా?

రెండూ మంచివే. టమాటాకు ఎరుపు రంగునిచ్చేది లైకోపీన్‌ అనే పదార్థం. ఉడికిస్తే అది కణాల్లోంచి బయటికి వస్తుంది, కాస్త నూనె తోడైతే ఒంటికి బాగా పడుతుంది. అందుకే రెండు చెంచాల నూనె. పచ్చిదైతే విటమిన్‌ సి ఎక్కువ దక్కుతుంది. లైకోపీన్‌ తింటే ఆ జబ్బు పోతుంది, ఈ జబ్బు రాదు అని వాట్సాప్‌లో వచ్చేవాటిని నమ్మి మందులు మానేయొద్దు. టమాటా మంచి కూరగాయ, మందు కాదు.

ఎవరు జాగ్రత్తపడాలి?

కిడ్నీలో రాళ్లు ఉన్నవాళ్లు: ‘టమాటా గింజలతో రాళ్లు వస్తాయట కదా డాక్టర్‌?’ అని ఓపీలో ఎంతోమంది అడుగుతారు. గింజల వల్ల రాళ్లు రావు. ఎక్కువమందిలో కనిపించే రాళ్లకు కారణమైన ఆక్సలేట్‌ పాలకూరతో పోలిస్తే టమాటాలో చాలా తక్కువ. పైగా పెరుగులోని క్యాల్షియం పేగుల్లోనే ఆక్సలేట్‌ను పట్టుకుని బయటికి పంపుతుంది. ఈ డిప్‌ మితంగా తినవచ్చు. నీళ్లు బాగా తాగండి.

కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లు: రాళ్లు వేరు, కిడ్నీ పనితీరు తగ్గడం వేరు. క్రియాటినిన్‌ పెరిగినవాళ్లు, డయాలసిస్‌లో ఉన్నవాళ్లు టమాటాలోని పొటాషియం విషయంలో జాగ్రత్తగా ఉండాలి. మీ డాక్టర్‌ను అడిగాకే తినండి.

‘లో సోడియం’ ఉప్పు వాడేవాళ్లు: ఇది చాలామందికి తెలియదు. ఆ ఉప్పులో సోడియం తగ్గించి పొటాషియం కలుపుతారు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు, టెల్మిసార్టాన్‌, రామిప్రిల్‌, స్పిరోనోలాక్టోన్‌ వంటి మాత్రలు వాడేవాళ్లకు రక్తంలో పొటాషియం పెరిగి గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. మంచిదని సొంతంగా కొనుక్కోకండి. మామూలు ఉప్పే తక్కువ వేసుకోండి.

గుండెల్లో మంట ఉన్నవాళ్లు: టమాటా, వెల్లుల్లి కొందరికి మంట పెంచుతాయి. మీకు పడుతుందో లేదో మీకే తెలుస్తుంది. పడనివాళ్లు రెండు చెంచాలతో ఆపి, తిన్న రెండు, మూడు గంటల వరకు పడుకోకుండా ఉంటే మంచిది.

అలర్జీ ఉన్నవాళ్లు: నువ్వులు, జీడిపప్పు కొందరికి పడవు. వచ్చినవాళ్లను ముందే ఒక మాట అడగడం మర్యాదే.

దేనితో ముంచుకోవాలి?

డిప్‌లో ఉప్పు తగ్గించి, పక్కన ఉప్పు చిప్స్‌ పెడితే పడిన శ్రమంతా వృథా. కీరా, క్యారెట్‌, కాప్సికం, ముల్లంగి ముక్కలు పొడవుగా కోసి పెట్టండి. పారే నీళ్ల కింద బాగా రుద్ది కడిగాకే కోయండి. ఇవి చాలవనుకుంటే చపాతీని త్రికోణం ముక్కలుగా కోసి, నూనె లేకుండా పెనం మీద కరకరలాడేలా కాల్చండి. జొన్నరొట్టె ముక్కలు, చిన్న పెసరట్లు, ఉడికించిన మొక్కజొన్న, ఉదయం మిగిలిన ఇడ్లీ ముక్కలు పెనం మీద వేయించినవి... అన్నీ బాగుంటాయి. షుగర్‌ ఉన్నవాళ్లు సగం ప్లేటు కూరగాయ ముక్కలతో నింపుకోవాలి.

నాలుగేళ్లలోపు పిల్లలకు పచ్చి క్యారెట్‌ ముక్కలు, గుండ్రటి పల్లీలు ఇవ్వకండి. నవ్వుతూ, పరిగెడుతూ తింటుంటే గొంతులో అడ్డం పడతాయి. క్యారెట్‌ను మెత్తగా ఉడికించి, కూర్చోబెట్టి పెట్టండి.

గిన్నె బయట ఎంతసేపు?

పోయిన వేసవిలో నైట్‌ డ్యూటీలో ఉండగా ఒకే కుటుంబం నుంచి ఆరుగురు వచ్చారు. అందరికీ వాంతులు, ఇద్దరు పిల్లలు నిలబడలేని స్థితిలో ఉన్నారు. ఆ సాయంత్రం పుట్టినరోజు పార్టీ. మధ్యాహ్నం ఒంటిగంటకు కలిపిన క్రీము డిప్‌ రాత్రి ఎనిమిదింటిదాకా బల్ల మీదే ఉంది. రుచి మారలేదు, వాసన రాలేదు. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. అందరూ కోలుకున్నారుగానీ చిన్నపిల్లకు రెండు రోజులు సెలైన్‌ పెట్టాల్సి వచ్చింది.

మన చేతుల మీద, ముక్కులో ఉండే స్టెఫైలోకాకస్‌ అనే బ్యాక్టీరియా ఆహారంలో పడి వేడి వాతావరణంలో పెరిగితే విషపదార్థాన్ని వదులుతుంది. మళ్లీ వేడిచేసినా ఆ విషం పోదు. తిన్న కొన్ని గంటల్లోనే వాంతులు మొదలవుతాయి. 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్‌ మధ్య బ్యాక్టీరియా వేగంగా పెరుగుతుంది. మన గది ఎప్పుడూ ఆ మధ్యలోనే ఉంటుంది. పెరుగు, టమాటాల పులుపు కొంత కాపాడుతుంది, కానీ పూర్తిగా కాదు. కాబట్టి:

• కలిపే ముందు సబ్బుతో చేతులు కడుక్కోండి. చేతికి గాయం, పుండు ఉన్నవాళ్లు, విరేచనాలవుతున్నవాళ్లు ఆ రోజు వంటకు దూరంగా ఉండాలి.
• మాంసం కోసిన చాకు, చెక్కపలక కూరగాయలకు వాడొద్దు.
• చుట్టాలు వచ్చేదాకా డిప్‌ ఫ్రిజ్‌లోనే ఉంచండి. సగం బల్ల మీద, సగం ఫ్రిజ్‌లో. మొదటి గిన్నె ఖాళీ అయ్యాక కొత్త గిన్నెలో రెండోది తీయండి. పాతదాంట్లో కొత్తది కలపకండి.
• బయట రెండు గంటలకు మించి ఉంచొద్దు. ఎండాకాలం అయితే ఒక గంటే. పెద్ద పళ్లెంలో ఐసు ముక్కలు వేసి, మధ్యలో గిన్నె పెడితే చల్లగా ఉంటుంది.
• బల్ల మీద మిగిలింది పారేయండి. ఫ్రిజ్‌లో ఉంచినదాన్ని మర్నాటికల్లా ముగించండి. మధ్యలో గంటల తరబడి కరెంటు పోతే దాన్నీ వదిలేయండి.

ఇంకో మాట. ముంచి, కొరికి, మళ్లీ అదే ముక్క ముంచడం పార్టీల్లో మామూలైపోయింది. మన పెద్దవాళ్లు దీన్నే ఎంగిలి అనేవారు. జలుబు, ఫ్లూ వంటివి ఒకరినుంచి ఒకరికి అంటకుండా ఆ పట్టింపు పనికొస్తుంది. ఎవరికి వాళ్లకు చిన్న గిన్నెల్లో రెండేసి చెంచాలు వడ్డించండి. ఎంత తిన్నామో లెక్కా తెలుస్తుంది.

ఒకవేళ వాంతులు, విరేచనాలు మొదలైతే?

ఓఆర్‌ఎస్‌ ప్యాకెట్‌ మీద ఎన్ని నీళ్లు అని రాసి ఉందో అన్ని నీళ్లలోనే కలపండి. లీటరు ప్యాకెట్‌ను గ్లాసు నీళ్లలో కలిపితే పిల్లలకు ప్రమాదం. చెంచా చెంచాగా తాగించండి. షాపులో అడిగి విరేచనాలు ఆపే మాత్రలు, యాంటీబయాటిక్‌లు వేసుకోకండి. బీపీ మాత్రలు, నీరు పోయే మాత్రలు, షుగర్‌ మాత్రలు వాడేవాళ్లు ఆ రోజు డోసుల గురించి డాక్టర్‌కు వెంటనే ఫోన్‌ చేసి అడగండి. గుండె బలహీనంగా ఉన్నవాళ్లు ఎంత తాగాలన్నదీ డాక్టరే చెప్పాలి.

మలంలో రక్తం, తీవ్ర జ్వరం, మగతగా ఉండటం, ఆరేడు గంటలుగా మూత్రం రాకపోవడం, తాగిన నీళ్లు కూడా నిలవకపోవడం... వీటిలో ఏది కనిపించినా ఆసుపత్రికి రండి. పసిపిల్లలు, గర్భిణులు, పెద్దవాళ్ల విషయంలో అంతదాకా కూడా ఆగొద్దు.

చివరిగా...

పోయిన ఆదివారం మా ఇంటికి పదిమంది వచ్చారు. డిప్‌ కలిపింది మా నాన్నే. పెరుగు మూట ఉదయాన్నే కట్టిపెట్టుకున్నారు. ఉప్పు డబ్బా తీసి, అర చెంచా కొలిచి, తల కొట్టి, నాకు చూపించి మరీ వేశారు. అందరితో కలిసి కూర్చుని జొన్నరొట్టె ముక్కలతో తిన్నారు. మర్నాడు ఉదయం బరువు చూసుకున్నారు. పెరగలేదు. గుండె జబ్బు ఉన్నవాళ్లు రోజూ బరువు చూసుకోవాలి, రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే ఒంట్లో నీరు చేరుతున్నట్టే, వెంటనే డాక్టర్‌కు చెప్పాలి.

మీ ఇంట్లోనూ పథ్యం పేరుతో పక్కన కూర్చునేవాళ్లు ఒకరుంటారు. ఈసారి చుట్టాలు వచ్చినప్పుడు వాళ్లకు విడిగా గిన్నె పెట్టకండి. వాళ్లు తినగలిగేదే అందరికీ వడ్డించండి.